సెమీఫైనల్‌కి ఒక్క రోజు తక్కువ, ఇంట్లో మాటల్లేవు

గుంటూరు_సార్జంట్
నిన్నటి నుంచి ఇంట్లో ఎవరూ ఎవరితో మాట్లాడట్లేదు, అందుకే ఇక్కడ కక్కేస్తున్నా. గ్రీన్‌కార్డు లేకున్నా తీసుకునే మావ్ని (MAVNI) పథకం దారిలో అమెరికా ఆర్మీలో చేరాను. ఇప్పుడు జర్మనీలో, బవేరియా వైపు, మూడో ఏడు. మావాడు 11వ తరగతి. బేస్ లోపలి బడిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు, లైన్‌లో రైట్ గార్డ్. బడి పేరు అడగొద్దు.

మొన్న కాదు అటు మొన్నటి శనివారం ఆటలో తలకు తల తగిలింది. కంకషన్ అన్నారు, అంటే దెబ్బకి మెదడు అదరడం. వారం పైన తలనొప్పి. ఈ శనివారం సెమీఫైనల్. సోమవారం "తగ్గిపోయింది నాన్నా" అన్నాడు. మంగళవారం పొద్దున క్లినిక్‌కి వెళ్తే, డాక్టరు అడగ్గానే మా ఆవిడ "లేదండీ, నిన్న రాత్రి కూడా ఉంది" అని చెప్పేసింది. దాంతో మళ్ళీ ఆటలోకి దించే లెక్క బుధవారం నుంచి మొదలు. రోజుకో మెట్టు: బుధవారం మెల్లగా జాగింగ్, గురువారం పరుగులు, శుక్రవారం ఎవరినీ గుద్దకుండా ప్రాక్టీసు, శనివారం గుద్దుకునే ప్రాక్టీసు, ఆదివారం ఆట. ఆట ఉన్నది శనివారం. ఒక్క రోజు!

వాడు వాళ్ళమ్మతో మాట మానేశాడు. నా గొడవేంటంటే, జూన్‌లో మాకు బదిలీ. 12వ తరగతి ఏ రాష్ట్రంలోనో, ఏ జట్టులోనో. ఈ పిల్లలతో వీడికి "వచ్చే ఏడు" అనేది లేదు. క్లినిక్‌కి వెళ్ళి మంగళవారం నుంచి లెక్కెయ్యమని అడిగితే తప్పా?

బెంచి_మీద_బాబు
తప్పే. తర్వాతి ప్రశ్న?

ఓరుగల్లు_రైడర్
ఫుట్‌బాల్ల తలకాయలు ఎట్ల తాకుతయన్నా? కాలుతోని ఆడే ఆటనే గద?

కె_టౌన్_కోడలు
రైడర్ తమ్ముడూ, ఆ బంతి కాదు. కోడిగుడ్డులా ఉంటుంది, చేత్తో పట్టుకుని పరిగెడతారు. ఇక్కడ జర్మన్లకి చెప్పేటప్పుడూ ఇదే తంటా, వాళ్ళకి ఫుట్‌బాల్ అంటే వేరే.

సార్జంట్ గారూ, మీ ఆవిడకి నా తరఫున ఒక నమస్కారం చెప్పండి. నేనూ ఇద్దరు మగపిల్లల తల్లినే. మావాళ్ళు ఆడేది కైజర్స్‌లాటర్న్‌లో. అమెరికా వాళ్ళకి ఆ పేరు నోరు తిరగక కె-టౌన్ చేసేశారు, నా హ్యాండిల్ కూడా అదే.

ఫ్రిస్కో_బాబాయ్
నేను ఒప్పుకోను. మేము టెక్సాస్‌లో, అబ్బాయిలంతా బంతి పట్టుకునే పుడతారు. పక్కనే ఆలెన్‌లో హైస్కూలు స్టేడియం 2012లో కట్టారు, 6 కోట్ల డాలర్లు, 18,000 మంది కూర్చోవచ్చు. మన తెలుగువాళ్ళ పిల్లలు ఇప్పుడు అక్కడ బ్యాండులోనే కాదు, జట్టులోనూ ఉన్నారు. ఇక్కడ ప్లేఆఫ్ వారం అంటే ఊరంతా జాతర. ఒక్క రోజు తేడాకి కుర్రాడి మనసు విరగ్గొట్టడం ఎందుకు? పదో రోజైనా పదకొండో రోజైనా తల అదే తల.

పద్మ_ఎండీ
బాబాయ్ గారూ, మీరంటే గౌరవమే కానీ ఆ చివరి వాక్యం చాలా ప్రమాదం. తల అదే తల కాబట్టే లెక్క. మొదటి దెబ్బ పూర్తిగా మానకముందే రెండో దెబ్బ తగిలితే మెదడు వాచే అవకాశం ఉంది. అరుదే, కానీ అరుదుగా జరిగే చోట ఎక్కువగా ఉండేది ఈ వయసు పిల్లలే. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో 13 ఏళ్ళ కుర్రాడు దెబ్బ తగిలాక అదే రోజు మళ్ళీ ఆడాడు. బతికాడు, కానీ మాట, నడక మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సొచ్చింది. 2009లో ఆ రాష్ట్రం చట్టం తెచ్చింది, ఆ తర్వాత అన్ని రాష్ట్రాలూ తెచ్చాయి. అనుమానం వస్తే వెంటనే బయటికి తియ్యాలి, వైద్యులు రాసిచ్చేదాకా మళ్ళీ దించకూడదు.

మెట్టుకి 24 గంటలు అనేది తక్కువలో తక్కువ. మధ్యలో తలనొప్పి తిరిగొస్తే ఒక మెట్టు కిందికి. సార్జంట్ గారూ, ఆవిడకి ఎలా తెలిసింది ఇంకా నొప్పి ఉందని?

గుంటూరు_సార్జంట్
అది అడిగారు కాబట్టి చెప్తున్నా. వాడేమీ చెప్పలేదు. సోమవారం రాత్రి వాడి ఫోన్ ఛార్జింగ్‌కి పెడుతుంటే వెలుగు అట్టడుగుకి తగ్గించి ఉందట. మామూలుగా వాడి ఫోన్ టార్చిలైటులా ఉంటుంది. పైగా అన్నం తినేటప్పుడు డైనింగ్ టేబుల్ పైన లైటుకి వీపు పెట్టి కూర్చున్నాడట, ఎప్పుడూ తన కుర్చీ వదలనివాడు. నేనూ అక్కడే ఉన్నా. నాకేమీ కనపడలేదు.

కె_టౌన్_కోడలు
😭 అమ్మలు.

బెంచి_మీద_బాబు
ఆర్మీ వాళ్ళు ఆవిడని నిఘా విభాగంలోకి తీసుకోవాలి.

పద్మ_ఎండీ
వెలుతురు పడకపోవడం పాఠ్యపుస్తకంలో ఉండే లక్షణం. నా ఓటు ఆవిడకే. చర్చ అయిపోయింది.

ఫ్రిస్కో_బాబాయ్
సరే డాక్టరమ్మా, వెనక్కి తగ్గా. కానీ ఒక మాట. అక్కడి ఆటలకి కాలేజీ కోచ్‌లు వస్తారా? స్కాలర్‌షిప్ ఆశ లేనప్పుడు ఒక సెమీఫైనల్ పోతే అంత ఏడుపు దేనికి?

మూతబడ్డ_బడి
బాబాయ్, మీరు రాసింది చదివి నవ్వాలో కోపం తెచ్చుకోవాలో తెలీలేదు. నేను అలాంటి బడిలోనే చదివాను, 90లలో మానహైమ్. నాన్న ఆర్మీలో డాక్టరు. మా జట్టు పేరు బైసన్స్. ఇప్పుడు ఆ బడి లేదు, 2011లో మూసేశారు. పక్కన మా బద్ధశత్రువు హైడెల్‌బర్గ్ లయన్స్, అదీ 2013లో పోయింది. ఆర్మీ వీస్‌బాడెన్‌కి సర్దుకుంది, బ్యారక్స్ జర్మన్లకి అప్పగించారు. మీ పిల్లలు పాతికేళ్ళ తర్వాత పాత విద్యార్థుల సభకి ఆలెన్ వెళ్తే స్టేడియం ఉంటుంది. నేను వెళ్తే గేటు కూడా లేదు.

కోచ్‌లు ఎవరూ రారు. వీడియో పంపుకోవాలి, వేసవి క్యాంపులకి సొంత డబ్బుతో అమెరికా వెళ్ళాలి. అది తెలిసే ఆడతారు. కొత్త ఊరు, ఆగస్టు వేడి, ప్రాక్టీసులో పక్కన నిలబడ్డవాడే మొదటి స్నేహితుడు. ఆ స్నేహితుడి నాన్నకి ఏప్రిల్‌లో ఆర్డర్లొస్తాయి, జూన్‌లో వెళ్ళిపోతాడు. 12 ఏళ్ళ చదువులో ఏడు బడులు మారాను నేను. "వచ్చే ఏడు చూసుకుందాం" అని మా కోచ్ ఎప్పుడూ అనలేదు. అన్నా ఎవరం నమ్మేవాళ్ళం కాదు.

అలాగని సార్జంట్ గారూ, క్లినిక్‌కి వెళ్ళొద్దు. నేను చెప్పేది కుర్రాడికి ఎందుకంత నొప్పో అర్థం చేసుకోమని.

ఓరుగల్లు_రైడర్
అన్నా ఏడు బళ్ళా!! నేను ఒక్క బడిల ఏడేండ్లు ఉన్న, అండ్ల రెండేండ్లు ఒకటే క్లాసుల.

ఇగ ఆట సంగతి జర చెప్పున్రి. గార్డ్ అంటే ఏం జేస్తడు?

గుంటూరు_సార్జంట్
తమ్ముడూ నీకు కబడ్డీ వచ్చు కదా. వైపుకి 11 మంది. బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు, ఆ నాలుగులో పది గజాలు ముందుకి జరగాలి. జరిగితే మళ్ళీ నాలుగు. అలా గీత దాకా మోసుకెళ్తే 6 పాయింట్లు. బంతి పట్టుకున్నవాణ్ణి రైడర్ అనుకో. అవతల వాళ్ళంతా వాణ్ణి పట్టెయ్యడానికి చూస్తారు. గార్డ్ పని రైడర్‌కి దారి చెయ్యడం, అంటే ఎదుటి బలిసిన వాణ్ణి గుండెతో నెట్టి పక్కకి తొయ్యడం. పేరు పేపర్లో రాదు, బంతి ముట్టుకోడు. దెబ్బలు మాత్రం ప్రతి ఆటకీ యాభై అరవై.

ఓరుగల్లు_రైడర్
సమజైంది. పెండ్లిల వంటోడు లెక్క. పేరు పెండ్లికొడుకుది, చెమట వంటోనిది.

యొకొసుకా_శ్రీను
నేను జపాన్ వైపు, యొకొసుకా నేవీ బేస్. మా బడి పేరు నైల్ కిన్నిక్. ఆయనెవరో ఇక్కడ సగం మందికి తెలీదు. 1939లో కాలేజీ ఫుట్‌బాల్ అత్యుత్తమ ఆటగాడిగా హైస్‌మన్ ట్రోఫీ అందుకున్న అయోవా కుర్రాడు. నేవీ పైలట్‌గా శిక్షణలో ఉండగా 1943లో విమానం సముద్రంలో పడి పోయాడు, 24 ఏళ్ళకి. ఫుట్‌బాల్ ఆటగాడి పేరు పెట్టుకున్న బడి కాబట్టి శుక్రవారం వస్తే మావాళ్ళకి కొంచెం పొగరెక్కువ.

మీ వైపు బస్సు ప్రయాణాలు ఎలా ఉంటాయో కానీ మా మిసావా ప్రయాణం చూడాలి. ఎడ్‌గ్రెన్ హైస్కూలు అక్కడ, హొన్షు ఉత్తరపు కొన. 700 కిలోమీటర్ల పైనే. రాత్రంతా బస్సులో, పొద్దున దిగి సాగదీసుకుని ఆట. ఒకసారి పిల్లలకి తోడుగా వెళ్ళాను. అర్ధరాత్రి సర్వీస్ ఏరియాలో ఆపితే, 40 మంది ఆరడుగుల పిల్లలు చెప్పులేసుకుని దిగి ఓనిగిరి (జపాన్ అన్నం ముద్దలు) మొత్తం ఖాళీ చేశారు. గల్లాపెట్టె దగ్గర పెద్దావిడ భయపడి లోపలికెళ్ళి మేనేజర్ని పిలుచుకొచ్చింది. 😄

ఒకినావాలో వేరే కథ. కడేనా, కుబాసాకి, రెండూ ఒకే దీవిలో. సీజన్లో ఒకరి మొహం ఒకరు మళ్ళీ మళ్ళీ చూసుకోవాలి. సెప్టెంబర్, అక్టోబర్‌లో తుపాను వస్తే ఆట గల్లంతు. ప్లేఆఫ్ ముందు వాతావరణ హెచ్చరిక చూసుకునే హైస్కూలు కోచ్‌లు ఇంకెక్కడైనా ఉన్నారా?

రోటా_రాధ
స్పెయిన్ నుంచి. మాకు బస్సు కూడా కాదు, విమానం. జర్మనీలో ఆటంటే ప్యాడ్లు, హెల్మెట్లు అన్నీ లగేజీలో. ఒక అబ్బాయి హెల్మెట్ బ్యాగులో పట్టక తలకి పెట్టుకుని ఎక్కాడు, కాక్‌పిట్‌లోంచి పైలట్ బయటికొచ్చి ఫోటో తీసుకున్నాడు.

మా దగ్గర పిల్లలు తక్కువ. పదకొండుకి పదకొండు మందీ అటూ ఇటూ రెండు వైపులా ఆడాల్సిందే. ఒక్కడికి దెబ్బ తగిలితే రెండు చోట్ల ఖాళీ. సార్జంట్ గారూ, మీ జట్టులో గార్డ్ స్థానంలో ఎవరు?

బెంచి_మీద_బాబు
అలాంటి ఖాళీల కోసమే మేము పుట్టాం. పిలవరు అంతే.

గుంటూరు_సార్జంట్
అదే అసలు ఏడుపు. జట్టంతా కలిపి 24 మంది. మావాడి చోటులో 9వ తరగతి పిల్లాడు, 15 ఏళ్ళు నిండలేదు, బరువు మావాడికన్నా 20 కిలోలు తక్కువ. మొన్న ఆగస్టులోనే అమెరికా నుంచొచ్చాడు. ముందు బేస్‌బాల్ తప్ప ఏమీ ఆడలేదు. ఎదురుగా ఉండబోయేది ఎవరనుకున్నారు, ఈ సీజన్లో ఒక్క ఆట ఓడని జట్టు.

ఇంకో సంగతి. లైన్‌లో పిల్లలు ఒకరికొకరు అరుచుకునే సంకేతాలుంటాయి, కుడికి వెళ్దామా, ఎడమకా, ఎవరిని పట్టాలి అని. అవతలి వాళ్ళు విని అర్థం చేసుకుంటారు. అందుకని సెప్టెంబర్‌లో మావాడు సొంత తెలివి పెట్టి అవన్నీ తెలుగులోకి మార్చాడు. ఆవకాయ అంటే గార్డ్ కుడికి లాగాలి. గోంగూర అంటే ఎడమకి. ఉప్మా అంటే వెనక్కి తగ్గి కాపు కాయాలి. లైన్ మధ్యలో సెంటర్ ఆడేవాడు టెక్సాస్ నల్లబ్బాయి, "గొంగూరా!" అని మైదానం అదిరేలా అరుస్తాడు. మొదటిసారి విన్నప్పుడు మా ఆవిడ నవ్వాపుకోలేక స్టాండ్ దిగి వెళ్ళిపోయింది.

ఓరుగల్లు_రైడర్
😂😂😂 ఉప్మా అంటే వెనుకకు తగ్గుడా, మా ఇంట్ల గూడ గంతే.

కె_టౌన్_కోడలు
వచ్చే ఏడు మీ జట్టు మాతో ఆడాల్సొస్తే ఒక తెలుగు అమ్మని మా సైడ్‌లైన్‌లో నిలబెడతాం. అన్నీ పట్టేస్తాం.

ఫ్రిస్కో_బాబాయ్
ఇది చాలు. సీటు అడగకుండా ఆ కుర్రాడికి కోచింగ్ ఉద్యోగం ఇచ్చెయ్యాలి.

యొకొసుకా_శ్రీను
మంచి లెక్క ఒకటి ఉంది సార్జంట్ అన్నా. శనివారం గెలిస్తే ఫైనల్ వారం తర్వాత కదా? ఆదివారానికి మెట్లన్నీ పూర్తి. ఫైనల్‌కి మీవాడు నిక్షేపంలా ఆడొచ్చు. ఇప్పుడు లెక్క దాచి ఆడి, ఇంకో దెబ్బ తగిలితే అదీ పోతుంది. అంటే ఒక్క పని మిగిలింది, ఆ 9వ తరగతి పిల్లాణ్ణి నాలుగు రోజుల్లో గార్డ్‌ని చెయ్యడం.

మూతబడ్డ_బడి
శ్రీను చెప్పింది కరెక్ట్. మా రోజుల్లో ఇలాంటి లెక్కలే లేవు. "ఎన్ని వేళ్ళు?" అని కోచ్ చెయ్యి చూపించేవాడు, ఎప్పుడూ రెండే. అందరం రెండు అని చెప్పి లోపలికెళ్ళేవాళ్ళం. హాఫ్‌టైమ్ తర్వాత జరిగిందేదీ గుర్తులేని ఆట ఒకటుంది నాకు. గెలిచామని పేపర్ చూసి తెలుసుకున్నా. అప్పట్లో గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

పద్మ_ఎండీ
ఆ రెండు వేళ్ళ కథ నా పేషంట్లకి చెప్తాను, అనుమతి ఇచ్చేయండి.

మూతబడ్డ_బడి
ఇచ్చేశా.

రోటా_రాధ
అవునూ, షకీల్ ఓనీల్ కూడా ఇలాంటి పిల్లాడే. సవతి తండ్రి సార్జంట్, జర్మనీలో విల్ట్‌ఫ్లెకెన్ బేస్. అక్కడికి ఆట శిక్షణ శిబిరం నడపడానికొచ్చిన కాలేజీ కోచ్ డేల్ బ్రౌన్, వీడి ఎత్తు చూసి సైనికుడనుకుని "ఆర్మీలో ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాడట. వీడికి అప్పుడు 13 ఏళ్ళు. కాబట్టి బాబాయ్, కోచ్‌లు అసలు రారని కాదు.

ఫ్రిస్కో_బాబాయ్
అది బాస్కెట్‌బాల్ అమ్మా. అయినా ఏడడుగులుంటే చంద్రుడి మీదున్నా వెతుక్కుంటూ వస్తారు.

గుంటూరు_సార్జంట్
గురువారం రాత్రి. క్లినిక్‌కి వెళ్ళలేదు. పొద్దున కారులో వాడికి శ్రీను లెక్క చెప్పాను, ఫైనల్ సంగతి. ఏమీ అనలేదు. బడి గేటు దగ్గర దిగుతూ "సోమవారం కొంచెం ఉంది, అమ్మ చెప్పింది నిజమే" అని తలుపేసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆ 9వ తరగతి పిల్లాణ్ణి ఇంటికి తీసుకొచ్చాడు. హాల్లో సోఫా గోడకి నెట్టేశారు. నేల మీద మాస్కింగ్ టేపుతో లైన్ గీశారు. మావాడు ఎవర్నీ గుద్దకూడదు కదా, అందుకని మా ఆవిడ కొత్త దిండ్లు రెండు చేతిలో పట్టుకుని వాడు డిఫెన్స్ అయ్యాడు. పిల్లాడు వచ్చి దిండుని గుద్దాలి. మొదటి గంట వాడి కాళ్ళు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని మూడుసార్లు పడ్డాడు. "తల ఎత్తు, కళ్ళు నా ఛాతీ మీద, తలతో కొట్టకు" అని మావాడు అరవడం వినాలి. తలతో కొట్టకు అని పదిసార్లు చెప్పి ఉంటాడు.

తొమ్మిదింటికి పులిహోర పెట్టింది మా ఆవిడ. పిల్లాడు రెండోసారి వడ్డించుకుని మిరపకాయ నమిలేశాడు. మూతి ఎర్రబడి పెరుగు గిన్నె ఎత్తి తాగేశాడు. మావాడు వాళ్ళమ్మ వైపు చూసి నవ్వాడు. మూడు రోజుల తర్వాత.

కె_టౌన్_కోడలు
దిండ్ల సంగతి ఏమంది ఆవిడ?

గుంటూరు_సార్జంట్
ఒకటి చిరిగింది. ఏమీ అనలేదు. అది ఇంకా భయం.

పద్మ_ఎండీ
రేపటి మెట్టు ప్రాక్టీసు తర్వాత మళ్ళీ తలనొప్పి ఉందా అని వాణ్ణి కాదు, వాళ్ళమ్మని అడగండి.

ఓరుగల్లు_రైడర్
శనివారం ఎక్కడన్న చూడొచ్చా ఆన్‌లైన్ల? మావోళ్ళందరికి చెప్పిన, గోంగూర అని ఒర్రుతడని. పదిమంది కూసుంటున్నరు.

గుంటూరు_సార్జంట్
లింకు వస్తే పెడతా తమ్ముడూ. ఇక్కడ మధ్యాహ్నం అంటే మీకు సాయంత్రం.

శుక్రవారం మధ్యాహ్నం అప్‌డేట్: బస్సు కదిలింది. నాలుగు గంటల ప్రయాణం, రాత్రి అక్కడే బడి జిమ్‌లో స్లీపింగ్ బ్యాగులు. మావాడు కూడా ఎక్కాడు, జెర్సీ మీద జాకెట్, హెల్మెట్ లేదు. కోచ్ వాడికి నీళ్ళ సీసాల పని, లైన్‌తో మాట్లాడే పని ఇచ్చాడు. చలి మొదలైంది ఇక్కడ, పొద్దున గడ్డి మీద మంచు.

పిల్లాడు బస్సు మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగి మా ఆవిణ్ణి అడిగాడు, ఆవకాయ అంటే అసలు ఏమిటని. ఇంతకాలం అది ఏదో యుద్ధంలో అరిచే మాట అనుకున్నాడట. మా ఆవిడ కారులోంచి చిన్న సీసా తెచ్చి వాడి చేతిలో పెట్టింది. ఆట అయ్యేదాకా మూత తియ్యొద్దని చెప్పింది.

బెంచి_మీద_బాబు
బస్సులో తీస్తాడు. రాసిపెట్టుకోండి.